నా కంచుతాళాలు మింగిన స్పీకర్లు

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయినప్పుడు మా గోడాదరా పేటలో అందరికీ ఒకటే బెంగ, తిండి ఎట్లా, ఊరికి రైలు ఎప్పుడు అని. ఆ బెంగ నాకూ ఉంది. అది చాలదన్నట్టు ఇంకొకటి వచ్చి నెత్తిన కూర్చుంది. నేను కొట్టిన తాళాలు నాకే వినిపించడం మానేశాయి.

తాళాలంటే భజనలో కొట్టే కంచుతాళాలు. ఉత్తర తెలంగాణలో మా నేతపనివాళ్ళ ఊరి భజన బృందంలో, నేను ఇటు వలస వచ్చేదాకా, అవి నా చేతిలోనే ఉండేవి. హార్మోనియం మేష్టారు శ్రుతి తప్పినా, డోలక్ వాడు కునికిపాట్లు పడినా భజన నడిచేది. నా తాళం ఆగితే మాత్రం అందరూ తలెత్తి చూసేవాళ్ళు. ఆ రోజుల్లో ఎవరో పుణ్యాత్ముడు టేపులో పట్టిన ఒక భజనను మా అమ్మాయి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. నా దగ్గరున్న ఆస్తి మొత్తంలో నేను ఎవరికీ అప్పు ఇవ్వనిది అదొక్కటే.

మా ఇంట్లో కింద నా మగ్గాలు, పైన కాపురం. ఆ పైనే ఒక చిన్న గదిని నేను వినే గదిగా చేసుకున్నాను. శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగి రాకూడదని ఎవరో చెబితే, మార్కెట్లో చిందీ అనే చీరల తుక్కుముక్కలు బస్తాలకొద్దీ తెచ్చి గోడల నిండా కుట్టేశాను. జరీ అంచులు, పూల ముక్కలు, ఒక మూల సగం నెమలి. మొదటిసారి చూసినవాళ్ళు చెప్పులు విడిచి దండం పెట్టుకోబోయేవారు. గది మధ్యలో ఒకే కుర్చీ, నాది. ఎదురుగా రెండు పాత పెట్టె స్పీకర్లు.

కింద మగ్గాల చప్పుడు లేని ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని ఆ భజన పెట్టాను. హార్మోనియం వచ్చింది. డోలక్ వచ్చింది. పదిమంది గొంతులూ వచ్చాయి. తాళాలు రాలేదు. మళ్ళీ పెట్టాను, రాలేదు. చప్పుడు పెంచితే డోలక్ గుండెల మీద గుద్దింది గాని కంచు జాడ లేదు. నా ఒళ్ళు మండిపోయింది. తప్పు స్పీకర్లదైనా కావాలి, చెవులదైనా కావాలి. చెవుల మాట నా ముందు ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు. చెవులే పోతే ఇక నాకు ఈ గదెందుకు, ఈ కుర్చీ ఎందుకు, ఆ భజన మాత్రం ఎందుకు? కాబట్టి తప్పు స్పీకర్లదేనని తీర్మానం చేశాను.

"ఆడలేక మద్దెల ఓడన్నదట" అని మా ఆవిడ అంది. ఆ మాట నాకు చక్కగా వినిపించింది. చూశావా, నీ మాట వినబడుతోంది కదా, చెవులకేం రోగం అని నేను ఎగిరాను. ఆమె నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజానికి మగ్గాలు ఆగాక ఆమె గొంతు ఎంత తియ్యగా, ఎంత లేతగా వినబడుతోందో అని నాలో నేను మురిసిపోతూ ఉన్నాను. ఒకరోజు ఆ మాట ఆమెతో అన్నాను కూడా. దానికీ నవ్వింది.

మా ఇద్దరి మాటల సంగతి ఇక్కడే చెప్పాలి. మేము మొదట సూరత్ శివారు పేట సచిన్‌లో ఒక పెద్ద షెడ్డులో పనిచేశాం. నేను మగ్గం మీద, ఆమె పక్క వరుసలో బాబిన్లు నింపే పని. ఆ షెడ్డులో ఎవరూ గొంతు వాడరు. వాడినా లాభం లేదు, పక్కన పిడుగు పడినా తెలియదు. సగం చేతులతో, సగం పెదవులతో మాట్లాడుకుంటారు. మేము రెండు వరుసల మగ్గాలకు అటూ ఇటూ నిలబడి పూర్తి పోట్లాటలు పోట్లాడుకుని, పనివేళ ముగిసేలోపు రాజీ కూడా పడేవాళ్ళం. ఆమె మాత్రం చెవుల్లో దారం ఉండలు కుక్కుకునేది. మహారాణివారికి చప్పుడు పడదు కాబోలని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అమ్మాయి పుట్టాక ఆమె షెడ్డు మానేసింది. నేను సొంత మగ్గాలు పెట్టుకున్నాక కూడా ఆ చప్పుడు మానలేదు.

ఇక మాస్కులు వచ్చాయి. బయటికెళ్తే ఆమె మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కూరగాయల బండి దగ్గర ఆమె ఏదో అంటుంది, నేను ఏదో తెస్తాను. వంకాయలు చెబితే గోంగూర, గోంగూర చెబితే గుమ్మడికాయ. బట్ట నేసే మనిషిని కదా, తప్పెక్కడుందో చటుక్కున పట్టేశాను. మాస్కు బట్ట నేత మరీ చిక్కగా ఉంది, మాట దూరడం లేదు. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ తీసి రకానికొక మాస్కు కుట్టించాను. ఆమెకు ఒక్కొక్కటీ కట్టి, అరుగు చివర నిలబెట్టి మాట్లాడమన్నాను. కాటన్‌లోంచి మాట రాలేదు. సాటిన్‌లోంచి రాలేదు. పాలిస్టర్ నాది, నేను నేసిందే, అదీ నాకు ద్రోహం చేసింది. చివరికి పల్చటి జార్జెట్ కట్టాను. ఆహా, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ప్రతి అక్షరం వినిపించింది.

జార్జెట్ శబ్దాన్ని ఆపదని ఆ పూటే వీధంతా చెప్పేశాను. దేశమంతా జార్జెట్ మాస్కులు కట్టుకుంటే జనం అరుచుకునే బాధ ఉండదని, ఆ సరుకు నేనే నేస్తానని ప్రకటించాను. అందులోంచి శబ్దంతో పాటు రోగం కూడా దూరుతుంది కదా అని ఎదురింటాయన అడిగాడు. ప్రతిదానికీ అడ్డుపుల్ల వేసేవాడు ఒకడుంటాడు. మా ఆవిడ మాత్రం నాకోసం ఆ గులాబీరంగు జార్జెట్ మాస్కే కట్టుకుని తిరిగింది.

కరోనా రెండో విడత కూడా చల్లబడ్డాక, మా అమ్మాయి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. తలుపుల్లా నిలువుగా, పల్చగా, పెట్టె లేని స్పీకర్లు. పేరు ఎలక్ట్రోస్టాటిక్ అట. చిల్లుల రేకులు రెండు, వాటి మధ్య ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ పొర. ఆ పొరను కరెంటు అటూ ఇటూ లాగితే పాట పుడుతుందట. అంత తేలికైన పొర కాబట్టి గాజుల గలగల, మువ్వల సవ్వడి లాంటివి ఇవి పలికినట్టు ఇంకేవీ పలకవట. స్టాటిక్ అంటే నాకు ఒకరు చెప్పాలా? చలికాలంలో పాలిస్టర్ దారం చేతికి అతుక్కుని ప్రాణం తోడేది అదే. మా వృత్తికి శత్రువు. ఆ శత్రువు పాట పాడుతుందంటే నాకు ముచ్చటేసింది. కొత్తవి మన తాహతు కాదు, వాడినవి చూద్దామన్నాను. ఇవి కూడా తాళాలు పలకకపోతే తప్పు చెవులదే అని మా అమ్మాయి మాట తీసుకుంది. సరేనన్నాను.

మొదటి జత సచిన్‌లో ఉందంటే వెళ్ళాం. ఆ ఇంటాయన వాటి మీద లుంగీలు ఆరేసి ఉంచాడు. లుంగీలు తీసి కరెంటు పెట్టగానే ఒకటి చిటచిటమంది, రెండోది దోమ ఒకటి వెళ్ళి తగలగానే టప్పున పేలి ఊరుకుంది. పాట సంగతి ఎలా ఉన్నా దోమలకు మహా బాగా పనిచేస్తుందని ఆయన చెప్పాడు. నాకు కొంచెం ఆశ పుట్టింది గాని మా అమ్మాయి చెయ్యి పట్టి లాక్కొచ్చేసింది.

రెండో జత ఊరి అవతలి శివారు కామ్‌రేజ్‌లో, కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన ఒక తెలుగు పెద్దాయన దగ్గర. స్పీకర్లు గోడకు దూరంగా ఉండాలి, ఇంట్లోవాళ్ళు స్పీకర్లకు దూరంగా ఉండాలి, ఆ చిన్న ఫ్లాటులో ఈ రెండూ కుదరక అమ్ముతున్నారు. ఆయనది మాస్కులోంచి కూడా గదంతా మోగే గట్టి గొంతు, తలుపు దగ్గరే మా చేతులు కడిగించారు. స్పీకర్ల వైపు తిరిగి మాట్లాడవద్దన్నారు, ఊపిరిలో తేమ ఉంటుందట. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. మీ ఇంట్లో వంట పొగ వస్తుందా? పిల్లులున్నాయా? అన్నిటికంటే ముఖ్యంగా, దుమ్ము ఉందా? అమ్మాయినిచ్చే తండ్రి కూడా ఇన్ని అడగడు. మాది బట్టల వ్యాపారమండీ అని తేల్చేశాను. మగ్గాల మాట ఎత్తలేదు. మగ్గాలున్న చోట గాలిలో నూగు ఎగురుతూనే ఉంటుంది, ఈ స్పీకర్లు నూగును లాక్కుంటాయని దారిలో అమ్మాయి హెచ్చరించింది. బయల్దేరే ముందు మా ఆవిడ నా చొక్కా దులిపింది కూడా.

కాని భుజం మీద ఒక పోగు మిగిలిపోయింది. నేను స్పీకరు పక్కనుంచి నడుస్తుంటే అది లేచి, తీరిగ్గా గాలిలో ఈదుకుంటూ వెళ్ళి, రేకుకు అతుక్కుంది. పెద్దాయన దాన్ని చూశారు. నన్ను చూశారు.

"మగ్గాలా?" అన్నారు.

"మగ్గాలే సార్" అన్నాను.

మగ్గాలున్న ఇంటికి వీటిని ఇవ్వడమంటే గడ్డివాము పక్కన పొయ్యి పెట్టడమేనని, క్షమించమని ఆయన మర్యాదగానే చెప్పారు. ఇంతదూరం వచ్చాం, కనీసం మా పాట ఒకటి వినిపించమని మా అమ్మాయి బతిమాలింది. ఆయన మెత్తబడి సరేనన్నారు గాని, మా ఆవిడ జార్జెట్ మాస్కు చూసి అది మాస్కా దోమతెరా అని అడిగి, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన దళసరి తెల్లమాస్కు ఒకటి తెచ్చి కట్టించారు. ఈ స్పీకర్లకు సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క మనిషికి సరైన చోటు ఉంటుందట, మిగిలినవాళ్ళకు మిగిలిందే. అక్కడ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు.

భజన మొదలైంది. హార్మోనియం గది మధ్యలో గాలిలో నిలబడింది. గొంతులు మనిషికొకటిగా విడిపోయాయి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూపించగలను. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కుర్చీ అంచున కూర్చున్నాను. చరణం అయిపోయింది. తాళాలు రాలేదు.

అయినా వెంటనే ఓడిపోయే రకం కాదు నేను. లేచి వెళ్ళి స్పీకరు చట్రం మీద అరచెయ్యి ఆనించాను. మగ్గం సరిగా నడుస్తోందా లేదా అని మేము చూసేది అట్లాగే, చెయ్యి పెట్టి. నడిచేదైతే వణుకు తెలుస్తుంది. దీంట్లో వణుకన్నదే లేదు, గోడ మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గిది నడుస్తలేదు సార్" అన్నాను.

పెద్దాయన నోరు తెరిచి ఉండాలి, మాస్కు కిందికి సాగింది. చెయ్యి తీయమని సైగ చేశారు. అంత పల్చటి పొర చట్రాన్ని ఊపలేదని, ఊపకపోవడమే దాని గొప్పతనమని ఏదో చెప్పబోయారు. నేను వినలేదు. నా చూపు మా ఆవిడ మీద పడింది. కుర్చీ వెనక నిలబడి ఆమె ఎడమ అరచేతి మీద కుడిచేతి వేలితో కొడుతోంది. ఎక్కడ పడాలో అక్కడ, ఎక్కడ ఆపి ఎక్కడ రెండు కలిపి కొట్టాలో అక్కడ. అది నా తాళం. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"తాళాలు ఇనబడుతున్నయా నీకు?" అని అడిగాను. తెల్లమాస్కు కదిలింది. నాకు ఏమీ తెలియలేదు. జర గట్టిగా చెప్పమన్నాను. మళ్ళీ కదిలింది. అప్పుడు ఆమె మాస్కు గడ్డం కిందికి లాగేసింది. పెద్దాయన బాల్కనీ గుమ్మం దాకా వెనక్కి నడిచారు.

"ఇనబడుతున్నయ్. అన్నీ నువ్వు కొట్టినయే" అంది.

స్పష్టంగా, తియ్యగా, ప్రతి అక్షరం వినిపించింది. ఇంతలో పెద్దాయన గుమ్మంలోంచి, "ఏమన్నారమ్మా? నాకు వినపడలేదు" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఇంత పెద్ద స్పీకర్లు ఇంట్లో పెట్టుకుని ఇంతసేపూ నన్ను దుమ్ము మనిషని చూసినాయనకు, నాలుగడుగుల దూరంలో ఉన్న ఆడమనిషి మాట వినబడలేదట. చెవిటోని ముందట శంఖం ఊదినట్టే ఉంది గద సార్ మీ కథ అని ఎగతాళి చేశాను. ముందు చెవులు చూపించుకోండి అని సలహా కూడా ఇచ్చాను. ఎవరూ నవ్వలేదు.

మా అమ్మాయి వచ్చి నాకు ఎదురుగా నిలబడి తన మాస్కు కూడా దించింది.

"బాపూ, అమ్మ గొంతుతోని అనలే. ఉత్తగ పెదవులు కదిపింది. నీతోని అమ్మ ఎప్పుడూ గట్లనే మాట్లాడతది."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఎప్పటినుంచి అని అడిగాను. సచిన్‌లో ఉన్నప్పటి నుంచే అని చెప్పింది. "నువ్వు జవాబు ఇస్తనే ఉన్నవు గద. ఇగ గొంతెందుకు శించుకోవాలె అనుకున్న." అది కూడా పెదవులతోనే చెప్పిందని ఇప్పుడు నాకు తెలుసు.

జార్జెట్ సంగతి అప్పుడు అర్థమైంది. దాంట్లోంచి దూరింది శబ్దం కాదు, నా చూపు. గోంగూర, గుమ్మడికాయ, వీధంతా చెప్పుకున్న నా వ్యాపారం, అన్నీ వరుసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. వాటికి సిగ్గుపడొచ్చు, పడ్డాను. కాని అది కాదు నన్ను కోసింది. లాక్‌డౌన్ పొడుగునా ఎంత తియ్యగా ఉందని మురిసిపోయానే, ఆ గొంతు ఎవరిది? అది సచిన్ షెడ్డుకు రాకముందు, పెళ్ళైన కొత్తలో నేను విన్న గొంతు. ఆమె పెదవులు కదిపితే దాన్ని నేనే తీసి తొడుగుతున్నాను. ఇప్పుడు ఆమె అసలు గొంతు ఎలా ఉంటుందో, బొంగురు పోయిందో, లావెక్కిందో, నాకు తెలియదు. పెద్దాయన కుర్చీలోనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మా ఆవిడ మాస్కు పైకి లాక్కుని పెద్దాయన వైపు తిరిగింది. మాస్కు చాలాసేపు కదిలింది. ఆయన మొదట తల అడ్డంగా ఊపారు, తర్వాత ఊరుకున్నారు, తర్వాత నిలువుగా ఊపారు. ఏం జరిగిందో నాకు టెంపోలో మా అమ్మాయి చెబితే తెలిసింది. స్పీకర్లు మా ఆయనకు కాదు, నాకు కావాలి అందట. నూగు ఎట్లా పడుతుందో, ఎట్లా దులపాలో పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని, మీకంటే మంచిగా చూసుకుంటాను అందట. మా ఆయన తాళం ఇంత మంచిగా నేను ఊళ్ళో కూడా ఎన్నడూ వినలేదు అందట.

టెంపోలో మరో తమాషా. దుమ్ము పడకుండా వాటిని తెల్లటి కోరా బట్టలో చుట్టి పడుకోబెట్టాం. మనిషంత పొడుగు, తెల్లగుడ్డ, పక్కపక్కన రెండు. కామ్‌రేజ్ రోడ్డు మీద ఆటోలు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. స్కూటరాయన ఒకడు ఆపి, మాస్కు సర్దుకుని, చేతులు జోడించాడు. ఏడ్చిన కళ్ళతో ఉన్నాను కదా, నేనూ జోడించాను.

ఇప్పుడు వినే గదిలో కుర్చీ మా ఆవిడది. స్పీకర్లకు ఆమె జార్జెట్ తొడుగులు కుట్టింది, గులాబీరంగువి. ఆ బట్ట శబ్దాన్ని నిజంగానే ఆపదని అమ్మాయి ఒప్పుకుంది, నాకు ఆ మాత్రం పరువు దక్కింది. చెవి డాక్టరు ఇచ్చిన మెషీన్ పెట్టుకుంటే కుక్కరు విజిల్ వస్తుంది, కుక్కలు వస్తాయి, తాళాలు మాత్రం రేకుడబ్బా మీద గులకరాళ్ళు పోసినట్టు వస్తాయి. అందుకని భజనప్పుడు దాన్ని తీసేస్తాను. రెండు స్పీకర్లకూ మధ్య, ఆమెకు ఎదురుగా, నేల మీద కూర్చుంటాను. ఈ రకం స్పీకర్లకు పక్కవైపు అసలు శబ్దమే పోదట, గదిలో అంతకంటే పనికిమాలిన చోటు లేదని అమ్మాయి అంటుంది. ఆమె ముఖం కనబడేది అక్కడి నుంచే. ఆమె వేలు కుర్చీ చేతి మీద పడినప్పుడల్లా నేను నా పాత కంచుతాళాలు కొడతాను. తప్పితే ఆమె కనుబొమ్మలు ముడిపడతాయి.

పాట అయ్యాక ఆమె ఏదో అంటుంది, మంచిగ కొట్టినవనో, చాయ్ పెడతాననో. నాకు తియ్యగా వినిపిస్తుంది. ఇప్పుడు గొంతుతో అన్నవా, ఉత్తగనా అని ప్రతిసారీ అడుగుతాను.

"గొంతుతోనే అన్న" అంటుంది. పెదవులు మాత్రం అట్లాగే కదులుతాయి.